మోటార్లు లేని బాటలు: రైలు కట్టల నుంచి కాలువ గట్ల దాకా

సైకిల్ మీద దూర ప్రయాణం చేయాలనుకునే మామూలు మనిషికి ఒంట్లో సత్తువ కన్నా ముందు అడ్డొచ్చేది లారీ. రోజుకు నలభై, యాభై కిలోమీటర్లు తొక్కడం కాస్త అలవాటుంటే అసాధ్యమేమీ కాదు. హైస్కూలు పిల్ల తొక్కగలదు, అరవై దాటిన తాతగారూ తొక్కగలరు. కానీ వెనక నుంచి హారన్ మోగిస్తూ దూసుకొచ్చే బస్సుకు దారిచ్చి మట్టిలోకి దిగడం, మళ్ళీ రోడ్డెక్కడం రెండో రోజుకే విసుగు పుట్టిస్తుంది. ప్రాణభయం సంగతి సరేసరి. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వ లెక్క. అలాంటి రోడ్ల మీదికి పిల్లలతో సైకిళ్ళు వేసుకుని వెళ్ళమని ఎవరికీ చెప్పలేం.

ఈ ఇబ్బందికి గత అరవై ఏళ్ళలో కొన్ని దేశాలు జవాబు వెతుక్కున్నాయి. పల్లెల మీదుగా, పొలాల పక్కగా మోటారు వాహనాలు తిరగని బాటలు వేసి, ఒకదానితో ఒకటి కలిపి, రోజుల తరబడి తిరిగే వీలు కల్పించాయి. అవి ఎలా పుట్టాయి, ఏవి నిలిచాయి, ఏవి ఇచ్చిన మాట నిలబెట్టుకోలేదు, మన కాలువ గట్లకు వాటి నుంచి నేర్చుకోదగ్గదేమిటి అన్నది ఈ సమీక్ష. పరిశీలించిన కొద్దీ నాకు తేలింది ఒకటే. బాట బాగోగులు ముందుగా ఆధారపడేది చుట్టూ ఉన్న అందం మీద కాదు, పోసిన తారు మీద కూడా కాదు. ఓ సన్నని నేల పట్టీ ఎక్కడా తెగకుండా ప్రజల చేతిలో మిగిలిందా లేదా అన్నదే అన్నిటికన్నా ముందు ప్రశ్న.

రైలు వదిలిన కట్ట

సామాను కట్టుకుని తొక్కేవాడికి మోటారు తర్వాత పెద్ద శత్రువు ఎత్తు. ఆవిరి ఇంజనుకూ అంతే. అందుకే పంతొమ్మిదో శతాబ్దపు ఇంజనీర్లు కొండలు తొలిచి, లోయలు పూడ్చి, నూరు మీటర్ల దూరానికి రెండు మీటర్లకు మించి ఎత్తు పెరగకుండా వీలైనంత వరకు జాగ్రత్తపడ్డారు. మామూలు కొండ రోడ్డు అదే దూరానికి ఆరు మీటర్లు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువే ఎక్కుతుంది. ఒకే వేగంతో తొక్కితే, మనిషినీ సామానునూ పైకి మోయడానికి పట్టే శక్తి ఆ రోడ్డు మీద మూడింతలు. పాత రైలు కట్ట మీద పిల్లలూ పెద్దలూ కొండసీమలు కూడా దాటగలగడానికి కారణం ఇదే.

ఇరవయ్యో శతాబ్దం మధ్యకొచ్చేసరికి లారీలు, కార్లు పెరిగి చిన్న రైలు మార్గాలు మూతపడసాగాయి. బ్రిటన్‌లో 1963లో వచ్చిన బీచింగ్ నివేదిక దాదాపు 8,000 కిలోమీటర్ల మార్గాలు ఎత్తేయమని సిఫారసు చేసింది. అదే ఏడాది అమెరికాలో మే థీల్‌గార్డ్ వాట్స్ అనే ప్రకృతి శాస్త్ర అధ్యాపకురాలు షికాగో ట్రిబ్యూన్‌కు ఒక ఉత్తరం రాశారు. మూతపడిన స్థానిక రైలు మార్గాన్ని ముక్కలు కానివ్వకుండా నడిచేవాళ్ళకూ సైకిళ్ళకూ వదలమని ఆమె కోరారు. ఇల్లినాయ్ ప్రెయిరీ పాత్ అలా మొదలైంది. విస్కాన్సిన్ రాష్ట్రం ఎల్రాయ్ నుంచి స్పార్టా దాకా సుమారు 52 కిలోమీటర్ల పాత మార్గాన్ని కొని, పట్టాలున్న చోట సున్నపురాయి పొడి పరిచి, 1967లో బాటగా తెరిచింది. దారిలో మూడు సొరంగాలు. లోపల చీకటి, చలి, పైనుంచి కారే నీళ్ళు. జనం సైకిళ్ళు దిగి దీపాలు పట్టుకుని నడిపించుకుపోతారు.

అమెరికాలో అసలు మలుపు 1983లో వచ్చిన చట్ట సవరణ. అక్కడ చాలాచోట్ల రైలు కంపెనీకి భూమి మీద ఉన్నది దారి హక్కు మాత్రమే. రైలు ఆగిపోతే ఆ నేల ఇరుపక్కల రైతులకు వెళ్ళిపోతుంది. ఒక్క కిలోమీటరు అలా తెగినా నూరు కిలోమీటర్ల మార్గం పనికిరాదు. రైలు మళ్ళీ ఎప్పుడైనా అవసరపడొచ్చు కాబట్టి పట్టీని తెగనివ్వకుండా ఉంచి, అందాకా బాటగా వాడుకోవచ్చని ఆ సవరణ చెప్పింది. భూయజమానులు కోర్టుకు వెళ్ళారు. 1990లో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది, అయితే నష్టపోయినవారు పరిహారం అడగవచ్చని కూడా చెప్పింది. మిస్సోరి నది వెంట 386 కిలోమీటర్ల కేటీ ట్రెయిల్ ఆ చట్టం నీడన నిలిచినదే. 1986 వరద దెబ్బకు రైళ్ళు ఆగిపోయిన మార్గం అది.

స్పెయిన్ 1993లో ‘పచ్చని దారులు’ పేరిట ఈ పని మొదలుపెట్టి మూడు వేల కిలోమీటర్లు దాటించింది. అండలూసియాలో ఆలివ్ తోటల మధ్య సాగే బాట ఒకటి. అక్కడే ప్యుయెర్తో సెర్రానో నుంచి ఓల్వేరా దాకా 36 కిలోమీటర్ల మరో బాటలో ముప్ఫై సొరంగాలున్నాయి. ఆ మార్గం కట్టారే గానీ దాని మీద రైలు ఏనాడూ నడవలేదు. సైకిళ్ళ పుణ్యాన ఆ కష్టానికి ఇన్నేళ్ళకు ఫలితం దక్కింది.

ఫెన్‌బాన్ కథ ఇంకా విచిత్రం. జర్మనీలోని ఆఖెన్ నుంచి బెల్జియం మీదుగా లక్సెంబర్గ్ దాకా 125 కిలోమీటర్ల బాట ఇది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత వెర్సాయ్ ఒప్పందం ఈ రైలు మార్గాన్ని బెల్జియంకు అప్పగించింది. దాంతో పట్టాలకు పడమటి వైపున్న జర్మన్ ఊళ్ళు కొన్ని స్వదేశం నుంచి విడిపడి దీవుల్లా మిగిలాయి. రైలు పోయినా ఆ కొద్ది మీటర్ల వెడల్పు నేల మాత్రం ఇప్పటికీ బెల్జియందే. సన్నని పట్టీ చేజారకుండా నిలిస్తే వందేళ్ళ తర్వాతైనా అక్కరకొస్తుందనడానికి దీన్ని మించిన సాక్ష్యం లేదు.

నీటి పక్క దారి

రైలు రాకముందు సరుకు పడవల్లో వెళ్ళేది. ఆ పడవలను గుర్రాలో కంచరగాడిదలో మనుషులో గట్టు మీద నడుస్తూ తాళ్ళతో లాగేవారు. ఆ లాగుడు దారులే నేటి సైకిల్ బాటల్లో అతి చదునైనవి. లాకుల దగ్గర చిన్న చిన్న ఎత్తులు తప్ప రోజంతా తొక్కినా ఎత్తూ పల్లమూ తెలియవు.

వాషింగ్టన్ నుంచి కంబర్లాండ్ దాకా పొటోమాక్ నది వెంట 184.5 మైళ్ళు, అంటే సుమారు 297 కిలోమీటర్లు సాగే చెసపీక్ అండ్ ఒహాయో కాలువ 1924లో మూతపడింది. దాని వెంట మోటారు రోడ్డు వేయాలన్న ఆలోచనను 1954లో వాషింగ్టన్ పోస్ట్ సంపాదకీయం సమర్థించింది. సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ ఆ సంపాదకులను తనతో పాటు గట్టు పొడవునా నడవమని సవాలు చేసి, తాను చివరిదాకా నడిచారు. పత్రిక తన మాట మార్చుకుంది. 1971లో ఆ కాలువ జాతీయ చారిత్రక ఉద్యానమైంది. ఇప్పుడు కంబర్లాండ్‌లో దానికి గ్రేట్ అల్లెఘెనీ పాసేజ్ అనే పాత రైలు బాట కలుస్తుంది. పిట్స్‌బర్గ్ నుంచి వాషింగ్టన్ దాకా 530 కిలోమీటర్లకు పైగా, దాదాపు మొత్తం వాహనాలు లేని దారిలోనే వెళ్ళవచ్చు. మధ్యలో అప్పలాచియన్ పర్వతాలు దాటాలి. అయినా లాకుల దగ్గరి చిన్న ఎత్తులు తప్ప ఎక్కడా నూటికి రెండు మీటర్ల ఎత్తు మించదు.

యూరప్‌లో ఈ తరహాలో అందరి నోటా నానేది డాన్యూబ్ బాట, ముఖ్యంగా జర్మనీలోని పస్సావు నుంచి వియన్నా దాకా. పాత లాగుడు దారులూ, వరదకట్టల పైభాగమూ, చిన్న ఊరి రోడ్లూ కలిపి అల్లినది ఇది. చాలా మేర నదికి రెండు గట్ల మీదా బాట ఉంది. దాటడానికి వంతెనలూ, సైకిళ్ళు ఎక్కించుకునే పడవలూ ఉన్నాయి. వాఖావు లోయలో ద్రాక్ష తోటలూ ఆప్రికాట్ తోటలూ దారికి ఆనుకునే ఉంటాయి. పూర్తిగా వాహనాలు లేవా అంటే లేవని చెప్పలేం. తోటల మధ్య రైతు ట్రాక్టరు వస్తుంది, ఊళ్ళో కారు ఎదురవుతుంది. కానీ ఎక్కడికో పోతూ అడ్డదారి వెతుక్కునే వాహనం అక్కడికి రాదు. ఈ తేడా ముఖ్యం. మన సంగతికొచ్చినప్పుడు మళ్ళీ చెబుతాను.

ఫ్రాన్స్‌లో తులూజ్ నుంచి మధ్యధరా సముద్రం దాకా 240 కిలోమీటర్ల మిదీ కాలువ ఒక హెచ్చరిక. 1681లో పూర్తయిన ఈ కాలువ ప్రపంచ వారసత్వ సంపద. తులూజ్ వైపు జిల్లా హద్దు దాకా గట్టుకు చక్కటి తారు పరిచారు. హద్దు దాటాక చాలా కాలం పాటు అది వేర్లు లేచిన మట్టి కాలిబాటే. కాలువ ఒకటే, నీళ్ళు ఒకటే, చూసే యంత్రాంగాలు వేరు. పైగా 2006 నుంచి అక్కడి ప్లేన్ చెట్లకు శిలీంధ్రపు తెగులు సోకి వేల చెట్లు కొట్టేయాల్సి వచ్చింది. ఎండాకాలం సైకిల్ ప్రయాణానికి ప్రాణం లాంటి నీడ చాలాచోట్ల పోయింది. కొత్త చెట్లు నాటుతున్నారు గాని అవి పెరగాలి కదా.

ఊరి దారుల వల

రైలు కట్టా కాలువా లేని చోట ఏం చేయాలి? దీనికి మంచి జవాబు బెల్జియంలోని లింబర్గ్ నుంచి వచ్చింది. హ్యూగో బోలెన్ అనే గని ఇంజనీరు, భూగర్భంలో దారి తెలియడానికి కూడళ్ళకు అంకెలు వేసే పద్ధతిని నేల మీదికి తెచ్చారు. 1995లో పొలాల మధ్య చిన్న దారులు కలిసే ప్రతి కూడలికీ ఒక సంఖ్య ఇచ్చారు. బయల్దేరే ముందు నాలుగైదు సంఖ్యలు కాగితం మీద రాసుకుంటే చాలు, ఒక్కో కూడలి దగ్గర తర్వాతి సంఖ్యకు బాణం గుర్తు ఉంటుంది. అలసిపోతే ముందే వెనక్కి తిరగొచ్చు, ఓపికుంటే మరో చుట్టు తిరగొచ్చు. ఈ పద్ధతి ఇప్పుడు ఫ్లాండర్స్, నెదర్లాండ్స్ అంతటా పాకింది. కొత్త రోడ్డు వేయడం కన్నా ఉన్న చిన్న దారుల్ని గుర్తించి కలపడమే ఇందులో ప్రధానం. ఖర్చు తక్కువ, ఫలం ఎక్కువ.

కానీ ఈ పద్ధతికి నిజాయితీ కావాలి. బ్రిటన్‌లో బ్రిస్టల్ స్వచ్ఛంద కార్యకర్తలు 1979 నుంచి 1986 దాకా శ్రమించి బ్రిస్టల్, బాత్ నగరాల మధ్య 21 కిలోమీటర్ల రైలు కట్టను బాటగా మార్చారు. వాళ్ళ సంస్థే సస్ట్రాన్స్ పేరుతో ఎదిగి, 1995లో లాటరీ నిధి నుంచి 4.25 కోట్ల పౌండ్ల సాయంతో జాతీయ సైకిల్ వల అల్లింది. పటం మీద వల త్వరగా విస్తరించింది. 2018లో ఆ సంస్థే నిష్పక్షపాతంగా లెక్క చూసుకుంటే, వాహనాలు లేని బాట మూడో వంతు మాత్రమే అని తేలింది. మొత్తంలో సగానికి కాస్త తక్కువ భాగం నాసిగా లేదా మరీ నాసిగా ఉందని తేలింది. 2020లో దాదాపు నాలుగో వంతు పొడవును, పిల్లలకు క్షేమం కాదని, వల నుంచి తొలగించారు లేదా వేరే తరగతిలోకి మార్చారు. కిలోమీటర్లు పెంచి చూపడం సులువు, ఇలా తగ్గించుకోవడానికి ధైర్యం కావాలి. నా దృష్టిలో ఆ వల చరిత్రలో ఇది అన్నిటికన్నా మంచి నిర్ణయం.

ఊళ్ళకేం ఒరిగింది?

న్యూజిలాండ్‌లో ఒటాగో రైలు బాట 152 కిలోమీటర్లు. రైలు 1990లో ఆగింది, 2000లో బాట తెరుచుకుంది. బాట వేయడాన్ని మొదట్లో అనుమానంగా చూసిన రైతులున్నారు. తర్వాత అక్కడి చిన్న ఊళ్ళలో పాత హోటళ్ళు మళ్ళీ తెరుచుకున్నాయి, పాత కట్టడాలు బస చేసే ఇళ్ళయ్యాయి. కారులో వెళ్ళేవాడు రెండు గంటల్లో ఆ సీమ దాటేస్తాడు. సైకిల్ మీద వెళ్ళేవాడు మూడు నాలుగు రాత్రులు అక్కడే తింటాడు, అక్కడే పడుకుంటాడు. ఈ ఆర్థిక సూత్రం అర్థమయ్యే 2009లో ఆ దేశం జాతీయ సైకిల్ బాటల పథకానికి శ్రీకారం చుట్టింది.

భూమి దగ్గర మాత్రం తగువులు తప్పవు. ఐర్లండ్‌లో వెస్ట్‌పోర్ట్ నుంచి అకిల్ దాకా 42 కిలోమీటర్ల గ్రేట్ వెస్టర్న్ గ్రీన్‌వే 2011లో పూర్తయింది. 1937లో మూతపడిన రైలు మార్గం అది. నేల ఎప్పుడో రైతుల పొలాల్లో కలిసిపోయింది. అధికారులు భూసేకరణకు పోకుండా ఒక్కో రైతు గడపా తొక్కి, దారికి అనుమతి మాత్రం అడిగారు. రైతులు ఒప్పుకున్నారు. తర్వాత డబ్లిన్ నుంచి గాల్వే దాకా తలపెట్టిన పెద్ద బాట పడమటి భాగానికొచ్చేసరికి, సేకరిస్తారన్న భయంతో, పొలం రెండు ముక్కలవుతుందన్న బాధతో రైతులు ఎదురు తిరిగారు. 2015లో ఆ భాగాన్ని ఆపాల్సి వచ్చింది. పొలం నడిబొడ్డున గీత గీసే ముందు గట్టు వెంట పోయే వీలుందేమో రైతునే అడిగి ఉంటే కథ వేరుగా ఉండేది.

ఆసియాలో దక్షిణ కొరియా వేగానికి ఉదాహరణ. ఇంచియాన్ నుంచి బుసాన్ దాకా 633 కిలోమీటర్ల బాట 2012లో తెరుచుకుంది. దారి పొడవునా ఎర్రటి చిన్న గదుల్లో ముద్రలుంటాయి. ప్రత్యేక పుస్తకంలో వాటిని వేసుకుంటూ పోతే చివర ధ్రువపత్రం ఇస్తారు. పిల్లల్నీ పెద్దల్నీ ముందుకు నడిపించే మంచి ఉపాయం ఇది. అయితే ఆ బాట నాలుగు నదులకు ఆనకట్టలు కట్టిన పథకంలో భాగం. నదుల ఆరోగ్యం మీద ఆ పథకం రేపిన వివాదం ఇంకా చల్లారలేదు. బాట కోసం నదిని మార్చకూడదు. నది ఎలా ఉందో అలా ఉండనిచ్చి దాని పక్కన సాగాలి.

మన గట్లు, మన డొంకలు

వర్జీనియాలో మనవాళ్ళు ఎక్కువగా స్థిరపడిన హెర్న్‌డన్, యాష్‌బర్న్ ఊళ్ళ మీదుగా 72 కిలోమీటర్ల డబ్ల్యూ అండ్ ఓడీ బాట వెళ్తుంది. అదీ పాత రైలు కట్టే. సెలవు రోజున పిల్లలతో దాని మీద తిరిగే తెలుగు కుటుంబాలకు వాహనాలు లేని దారి ఎంత హాయో తెలుసు. ఆ హాయి మన ఊళ్ళలో ఎందుకు ఉండకూడదు?

హైదరాబాద్‌లో 2023లో బాహ్య వలయ రహదారి పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ బాట ప్రారంభమైంది. పైకప్పుగా సౌర ఫలకాలు, రాత్రి దీపాలు. ఎండకు గొడుగు పట్టిన ఆ ఆలోచన మెచ్చుకోదగ్గది. వ్యాయామానికి బాగుంటుంది. కానీ అది వేగ రహదారి పక్క దారి. పల్లె లేదు, ఒక ఊరి నుంచి మరో ఊరికి చేరడమూ లేదు. యాత్రకు అది బదులు కాదు.

మన అసలు సంపద వేరే ఉంది. ఆర్థర్ కాటన్ కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. దాని నుంచి సాగే కాలువలు సాగుకే కాదు, పడవలకు కూడా తవ్వినవి. అందుకే లాకులు. మన పెద్దలు కూడా ఆ గట్ల మీద నడుస్తూనే పడవలు లాగారు. అంటే డాన్యూబ్‌కూ పొటోమాక్‌కూ ఉన్న లాగుడు దారి డెల్టాలో మనకూ ఉంది, వాలు దాదాపు సున్నా, పక్కన కొబ్బరి తోటలు, వరి చేలు. బొబ్బర్లంక, లొల్ల లాకులు, ఆత్రేయపురం పూతరేకులు ఇప్పటికే జనాన్ని రప్పిస్తున్నాయి. తెలంగాణలో శ్రీరాంసాగర్ నుంచి సాగే 284 కిలోమీటర్ల కాకతీయ కాలువ వెంట తనిఖీ దారి ఉంది. ఇక డొంకలు, పుంతలు, బండ్ల బాటలు రెవెన్యూ పటాల్లో పోరంబోకుగా నమోదై ఉన్న ప్రజల దారులు. అంటే నేల కొనే పని చాలాచోట్ల లేదు. ఉన్నది పోకుండా చూసుకోవడమే పని.

పోతున్నది కూడా కళ్ళముందే. డొంకలు పక్క చేలల్లో కలిసిపోతున్నాయి. గట్లు కొన్నిచోట్ల చెత్త కుప్పలయ్యాయి, కొన్నిచోట్ల తారు పడగానే లారీల అడ్డదారులయ్యాయి. కొన్ని గట్ల మీద ఇల్లూ వాకిలీ లేని పేదలు గుడిసెలు వేసుకుని దశాబ్దాలుగా బతుకుతున్నారు. వాళ్ళను తరిమి సైకిల్ బాట వేయాలనడం అన్యాయం. గుడిసెలు లేని పొడవైన భాగాలు చాలా ఉన్నాయి, మొదలు అక్కడ పెట్టాలి.

రైతును కూడా దూరం పెట్టకూడదు. గట్టు మీద ట్రాక్టరు పోవాలి, గేదెలు పోవాలి, ధాన్యం బండి పోవాలి. ఇక్కడే డాన్యూబ్ పాఠం పనికొస్తుంది. స్థానికుల వాహనానికి అనుమతి, అడ్డదారిగా దూసుకుపోయే వాహనానికి నిషేధం. అడ్డుకట్టగా మధ్యలో రాతి స్తంభాలు పాతితే చక్రాల కుర్చీ, మూడు చక్రాల సైకిల్ పట్టేంత సందు ఉంచాలి, ట్రాక్టరు కోసం ఊరివాళ్ళ చేతిలో తాళం ఉండాలి. బ్రిటన్‌లో మోటారు సైకిళ్ళను ఆపడానికి పెట్టిన ఇరుకు గేట్లు వికలాంగులను కూడా ఆపేశాయి. ఇప్పుడు ఖర్చు పెట్టి వాటిని తీసేస్తున్నారు.

బాటకు ఖరీదైన తారు అక్కర్లేదు. వాన పడితే చక్రానికి అంటుకునే రేగడి మీద గ్రావెల్ పరిచి, రోలరుతో గట్టిగా తొక్కించి, నీళ్ళు నిలవకుండా వాలు పెడితే కార్తీకం నుంచి మాఘం దాకా హాయిగా తొక్కవచ్చు. తారు పోస్తే లారీని పిలిచినట్టే. ఎండ దేశం కాబట్టి నీడ మొదటి రోజు నుంచే లెక్కలో ఉండాలి. తెగులొస్తే మొత్తం పోకుండా వేప, కానుగ, రావి, చింత కలిపి నాటాలి. పదిహేను కిలోమీటర్లకు ఒకచోట మంచినీళ్ళు, మరుగుదొడ్డి, పంక్చరు వేసేవాడు కావాలి. ఆడవాళ్ళు ఒంటరిగా నిర్భయంగా వెళ్ళగలిగితేనే అది బాట అనిపించుకుంటుంది. రెండు చివరలా రైల్వే స్టేషన్ ఉండి, బండిలో సైకిల్ ఎక్కించుకునే వీలుంటే వెళ్ళినదారినే తిరిగి రావాల్సిన పని ఉండదు.

అన్నీ బేరీజు వేస్తే తేలేది ఇది. రైలు కట్టకు వాలు కలిసొచ్చింది, కాలువకు చదును కలిసొచ్చింది, పొలం దారికి వల కలిసొచ్చింది. మూడింటిలోనూ గెలిచినవి నేల తెగకుండా కాపాడుకున్నవి, ఊరివాళ్ళను ఒప్పించినవి, లేని పొడవును ఉన్నట్టు చెప్పనివి. ఓడినవాటిలో డబ్బు లేక ఓడినవి తక్కువే.

కాబట్టి నీటిపారుదల శాఖకూ, రెవెన్యూ శాఖకూ, పంచాయతీలకూ నా విన్నపం ఒక్కటే. టెండర్లు తర్వాత పిలవవచ్చు. ముందు డెల్టాలో ఒక యాభై కిలోమీటర్ల గట్టునూ, తెలంగాణలో ఒక యాభై కిలోమీటర్ల కాలువ దారినీ ఎంచుకుని, హద్దు రాళ్ళు పాతి, తెగిన చోట్లు ఎన్నో లెక్కతేల్చి, ఆ లెక్క జనం ముందు పెట్టండి. పాఠకులు కూడా తమ ఊరి డొంక రెవెన్యూ పటంలో ఎంత వెడల్పు ఉందో, నేల మీద ఎంత మిగిలిందో ఒక్కసారి కొలిచి చూడండి. తేడా కనిపిస్తే గ్రామసభలో లేచి అడగండి.